వేగానికి కళ్లెం

కాళిదాస మహాకవి అభిజ్ఞానశాకుంతల నాటకం ఆరంభంలో దుష్యంత మహారాజు రథమెక్కి లేడిని వెంబడిస్తూ కనిపిస్తాడు. లేడి దూరమైపోవడం గమనించిన రాజుకు సారథి కారణం విన్నవిస్తాడు. నేల మిట్టపల్లాలుగా ఉన్నందున పగ్గాలు బిగించి రథవేగం తగ్గించాననీ, సమతల ప్రదేశానికి వచ్చాము కనుక ఇక లేడిని అందుకోవడం కష్టం కాదనీ చెబుతాడు. గుర్రాలను పరుగెత్తించడం ఒక్కటే సారథ్యం కాదు. ఏ నేలపై ఎంత వేగం తగునో ఎరిగి, తదనుగుణంగా పగ్గాలు బిగించడమూ వదలడమూ తెలిసినవాడే నిజమైన సారథి.

గుర్రాల స్థానాన్ని యంత్రాలు ఆక్రమించిన తరువాత ఈ వివేకం మరింత అవసరమైంది. కాని మోటారు వాహనం పగ్గాలు పట్టినవారందరూ అటువంటి సారథులు కాలేకపోయారు. రహదారులు రక్తసిక్తమయ్యాయి. అప్పుడొక వివాదం తలెత్తింది. ప్రమాదాలకు కారణం వాహన వేగమా? లేక వాహనం నడిపేవాని పొరపాటా? వేగమే కారణమైతే దానికి హద్దు విధించాలి. పొరపాటే కారణమైతే చోదకునికి శిక్షణ ఇవ్వాలి. గత శతాబ్దపు నాల్గవ దశకంలో బ్రిటన్‌ను కుదిపిన ఈ వివాదానికి చట్టబద్ధమైన పరిష్కారాన్ని ఆచరణలో పెట్టిన వ్యక్తి, నాటి రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా.

బెలీషా 1893 సెప్టెంబరు 7న లండన్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఏడాది నిండకముందే తండ్రిని కోల్పోయారు. పెంచి పెద్దచేసే భారమంతా తల్లిపైన పడింది. ఆమె కుమారుని విద్యాభ్యాసం విషయంలో ఏ లోటూ రానీయలేదు. బెలీషా క్లిఫ్టన్ కళాశాలలో చదివి, అనంతరం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాలలో ప్రవేశించారు. 1912లో తల్లి సర్ అడైర్ హోర్‌ను పునర్వివాహం చేసుకున్నారు. ఆ తరువాత మారుతండ్రి ఇంటిపేరును కూడా చేర్చుకొని బెలీషా, హోర్-బెలీషా అయ్యారు. తల్లిపట్ల ఆయనకుగల భక్తి జీవితాంతం చెక్కుచెదరలేదు.

విద్యార్థి దశలోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన సైన్యంలో చేరి ఫ్రాన్సులోనూ, సలోనికా రంగంలోనూ పనిచేసి మేజరు స్థాయికి ఎదిగారు. యుద్ధం ముగిశాక ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగివచ్చి, అక్కడి సుప్రసిద్ధ వాదసభ అయిన ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌కు అధ్యక్షులయ్యారు. పత్రికలకు వ్యాసాలు రాస్తూనే న్యాయశాస్త్రం అభ్యసించి, 1923లో న్యాయవాదిగా నమోదయ్యారు. అదే సంవత్సరం ప్లిమత్ నగరంలోని డెవన్‌పోర్టు నియోజకవర్గం నుండి లిబరల్ పక్షం తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యారు. సభారంజకమైన వాక్పటిమ, పత్రికల నాడి తెలిసిన చాతుర్యం, అలసట ఎరుగని శ్రమ ఆయనకు పెట్టుబడులు. 1932లో ఆర్థిక మంత్రిత్వశాఖలో ఉన్నత బాధ్యత లభించింది. 1934 జూన్ నెలాఖరులో రవాణా మంత్రిగా నియమితులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 40 సంవత్సరాలు.

ఆ పదవి పైకి చూడడానికి అంత ఘనమైనది కాదు. కాని ఆ శాఖ బల్లపై పేరుకున్న అంకెలు భయంకరమైనవి. వాటిని అర్థం చేసుకోవాలంటే అంతకుముందు జరిగిన కథను తెలుసుకోవాలి.

బ్రిటన్‌లో మోటారు వాహనం ఢీకొని పాదచారి మరణించిన తొలి ఘటన 1896 ఆగస్టు 17న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో జరిగింది. ఆ దుర్ఘటనకు బలి అయినది ఒక సామాన్య గృహిణి. విచారణలో రెండు వాదాలు వినిపించాయి. బండి విపరీతమైన వేగంతో వచ్చిందని చూసినవారు చెప్పారు. తాను గంటకు 4 మైళ్ల వేగంతోనే నడిపానని చోదకుడు చెప్పాడు. అది ప్రమాదవశాత్తు జరిగిన మరణమని జ్యూరీ తీర్మానించింది. ఇటువంటిది మరెన్నడూ జరగకూడదని విచారణాధికారి ఆశించారు. ఆ ఆశ నెరవేరలేదు. వేగమా, పొరపాటా అన్న ప్రశ్న మాత్రం ఆనాడే పుట్టింది.

1903 నాటి మోటారు కారు చట్టం గంటకు 20 మైళ్ల వేగపరిమితిని విధించింది. వాహనం నడపడానికి లైసెన్సు కావాలని చెప్పింది కాని, ఆ లైసెన్సు పొందడానికి పరీక్ష ఏదీ పెట్టలేదు. రుసుము చెల్లించినవారికి లైసెన్సు చేతికి వచ్చేది. కాలక్రమంలో వాహనాల శక్తి పెరిగింది; 20 మైళ్ల హద్దును పాటించేవారే కరువయ్యారు. ఎవరూ పాటించని శాసనం చట్టానికే అప్రతిష్ఠ తెస్తుందని భావించిన పార్లమెంటు, 1930లో చేసిన రోడ్డు రవాణా చట్టం ద్వారా కార్లకు వేగపరిమితిని పూర్తిగా తొలగించింది. ఆ చట్టంలో మేలైన అంశాలు లేకపోలేదు. వాహనాలకు బీమా తప్పనిసరి చేసింది. రహదారి మర్యాదలను బోధించే హైవే కోడ్ అనే చిన్న పుస్తకానికి దారి చూపింది. కాని దాని ఆధారభూతమైన విశ్వాసం ఒక్కటే: వేగం దోషం కాదు, అజాగ్రత్తయే దోషం. అజాగ్రత్తగా నడిపినవానిని శిక్షిస్తే చాలు.

ఈ విశ్వాసానికి నాలుగేళ్లలో కాలం జవాబు చెప్పింది. 1931, 1932 సంవత్సరాలలో మరణాలు కొంత తగ్గినట్లు కనిపించినా తరువాత మళ్లీ పెరిగాయి. 1934లో బ్రిటన్ రహదారులపై 7,343 మంది మరణించారు. గాయపడినవారు 2,31,603 మంది. ఆనాడు ఆ దేశంలో ఉన్న మోటారు వాహనాలు సుమారు 24 లక్షలు మాత్రమే. మృతులలో దాదాపు సగం మంది పాదచారులు. వారు ఏ వాహనాన్నీ నడిపినవారు కారు. ఏ వేగాన్నీ కోరినవారు కారు. అంగడికో, బడికో, పనికో నడిచి వెళ్తున్నవారు. ప్రమాదాలలో అత్యధిక భాగం ఊళ్లలో, నగరాలలో, ఇళ్ల మధ్యనే జరిగాయి.

ఈ స్థితిని చక్కదిద్దడానికి బెలీషాకు ముందు రవాణా మంత్రిగా ఉన్న ఆలివర్ స్టాన్లీ 1934లో ఒక బిల్లును పార్లమెంటు ముందుంచారు. జనావాస ప్రాంతాలలో గంటకు 30 మైళ్ల వేగపరిమితి, కొత్తగా వాహనం నడపదలచినవారికి పరీక్ష అందులోని ముఖ్యాంశాలు. సభలో వాదోపవాదాలు చెలరేగాయి. బిల్లును వ్యతిరేకించినవారిలో మూర్-బ్రబజాన్ ప్రముఖుడు. బ్రిటన్‌లో తొలి విమాన చోదక లైసెన్సు పొందిన సాహసి ఆయన. మోటార్ల తొలిరోజులలో ఎన్నో కోళ్లు చక్రాల కింద పడేవనీ, కుక్కలు సైతం రానురాను తప్పుకోవడం నేర్చుకొన్నాయనీ, మనుషులు కూడా కొత్త పరిస్థితులకు అలవాటుపడితే అంతా సర్దుకొంటుందనీ ఆయన సభలో వాదించారు. నిపుణుడైన చోదకుని చేతిలో వేగం ప్రమాదకరం కాదన్నది ఆ పక్షంవారి నమ్మకం. మనిషి అలవాటుపడేలోగా ఏటా వేలమంది ప్రాణాలు కోల్పోవడం నాగరికత అనిపించుకోదన్నది ప్రతిపక్షంవారి సమాధానం. చివరకు 1934 జూలై నెలాఖరులో బిల్లు చట్టమైంది. అప్పటికి స్టాన్లీ వేరొక శాఖకు మారడంతో, దానిని అమలుజరిపే బాధ్యత కొత్త మంత్రి బెలీషాపై పడింది.

శాసనం చేయడం ఒక ఎత్తు. దానిని ప్రజలచేత ఆచరింపజేయడం మరొక ఎత్తు. 20 మైళ్ల పరిమితి ఎందుకు విఫలమైందో బెలీషాకు తెలుసు. అందువల్ల ఆయన కార్యాలయంలో కూర్చొని ఉత్తర్వులు జారీ చేయడంతో తృప్తిపడలేదు. స్వయంగా వీధులలోకి వచ్చారు. పదవి చేపట్టిన కొద్దిరోజులకే లండన్‌లోని క్యామ్డెన్ హైస్ట్రీట్‌లో పాదచారుల కోసం గుర్తించిన దారిమీదుగా రోడ్డు దాటుతుండగా, ఒక కారు ఆగకుండా దూసుకువచ్చింది. వెంట్రుకవాసిలో ఆయనకు ప్రాణాపాయం తప్పింది. సాక్షాత్తు రవాణా మంత్రియే రోడ్డు దాటలేకపోయిన ఉదంతం పత్రికలలో ప్రముఖంగా వచ్చింది. లోపమెక్కడ ఉన్నదో ఆయనకు ప్రత్యక్షంగా బోధపడింది. నేలమీద లోహపు గుండీలతో గుర్తించిన దారి నడిచేవానికి కనిపిస్తుంది కాని, దూరంనుండి వేగంగా వచ్చే చోదకుని కంటికి ఆనదు. కనిపించని గీతను చోదకుడు గౌరవించడం ఎలా?

ఈ ప్రశ్నకు సమాధానంగా వెలసినవే బెలీషా దీపస్తంభాలు. నలుపు తెలుపు పట్టీలు వేసిన స్తంభం. దాని శిరస్సున నారింజ పండు వంటి పసుపు రంగు గాజు గోళం. 1934లో ఇవి లండన్ వీధులలో దారికి రెండు వైపులా నిలిచాయి. మొదట వీటిని చూసి జనం నవ్వారు. వ్యంగ్య చిత్రకారులకు పండుగ అయింది. ఆకతాయి పిల్లలు రాళ్లు రువ్వి వేలకొలది గాజు గోళాలను పగులగొట్టారు. మంత్రి తన పేరు చాటుకోవడానికే స్తంభాలు పాతించాడని గిట్టనివారు ఆక్షేపించారు. బెలీషాకు ప్రచారంపై మక్కువ ఉన్న మాట నిజమే. దానిని మిత్రులు కూడా కాదనలేదు. కాని ఆ ప్రచారాన్ని ఆయన పాదచారుల రక్షణకు వినియోగించారు. నవ్వినవారు సైతం ఆ స్తంభాలను గుర్తుపెట్టుకొన్నారు. అనతికాలంలోనే దేశమంతటా వ్యాపించాయి. ఆయన పేరు ఆంగ్ల నిఘంటువులకెక్కింది.

1935 మార్చి 18న 30 మైళ్ల వేగపరిమితి అమలులోకి వచ్చింది. మన లెక్కలో ఇది గంటకు సుమారు 48 కిలోమీటర్లు. ఏది జనావాస ప్రాంతమో తేల్చడానికి చట్టం ఒక సులభమైన కొలతను పెట్టింది. వీధి దీపాలు 200 గజాలకు మించని ఎడంలో వరుసగా ఉన్న రోడ్డు జనావాస ప్రాంతంలోనిదిగా పరిగణింపబడింది. ఊరి వెలుపలి రోడ్లపై మాత్రం పరిమితి లేదు. వేగం ఎల్లచోట్లా నిషిద్ధమని ఆ చట్టం చెప్పలేదు. ఇళ్లూ, బడులూ, అంగళ్లూ ఉన్నచోట వేగం మనిషికి లొంగి ఉండాలని మాత్రమే చెప్పింది. మిట్టపల్లాల నేలపై పగ్గాలు బిగించిన సారథి నీతియే ఇందులోనూ ఉంది.

వాహన యజమానులు ఆగ్రహించారు. తమ స్వేచ్ఛకు భంగం కలిగిందన్నారు. చేయి తిరిగిన చోదకుని, చేతకాని చోదకుని ఒకే గాటన కట్టడం అన్యాయమన్నారు. బెలీషా వెనుదిరగలేదు. రహదారులపై జరుగుతున్నది సామూహిక హత్య అని తీవ్రమైన పదజాలంతోనే ఆయన ప్రజలను హెచ్చరించారు.

అయితే, వేగాన్ని అదుపుచేయడంతో తన పని ముగిసిందని ఆయన భావించలేదు. చోదకుని పొరపాటే ప్రమాదానికి మూలమనే వాదంలోనూ సత్యం ఉంది. ఆ పక్షాన్ని తోసిపుచ్చక, దానికి తగిన చికిత్సను కూడా ఆయన అమలుజరిపారు. 1935 జూన్ 1 నుండి వాహన చోదక పరీక్ష తప్పనిసరి అయింది. 1934 ఏప్రిల్ 1న గాని, ఆ తరువాత గాని వాహనం నడపడం ఆరంభించినవారందరూ ఈ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. రుసుము ఏడున్నర షిల్లింగులు. ప్రత్యేక పరీక్షా కేంద్రాలు లేని ఆ రోజులలో అభ్యర్థులు పరీక్షాధికారిని ముందుగా నిర్ణయించుకొన్న చోట, రైల్వేస్టేషను వద్దనో, ఉద్యానవనం వద్దనో కలుసుకొనేవారు. నేర్చుకొంటున్నవారి వాహనంపై ఎర్రని ‘ఎల్’ అక్షరం గల పలక ఉండాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. ఆ సంవత్సరం సుమారు 2,46,000 మంది పరీక్షకు దరఖాస్తు చేసుకొన్నారు. ఉత్తీర్ణులైనవారు 63 శాతం. అంటే పరీక్షకు కూర్చున్న ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి వాహనం నడపడానికి అర్హులు కారని తేలింది. పరీక్షయే లేకపోతే వారందరూ ఎప్పటివలెనే లైసెన్సు పుచ్చుకొని వీధిన పడేవారే కదా!

ఆయన మరికొన్ని మార్గాలు కూడా అన్వేషించారు. వేగంగా పోయే మోటార్లూ, నెమ్మదిగా సాగే సైకిళ్లూ ఒకే దారిలో నడవడం కూడా ఒక ముప్పే. కనుక లండన్ శివారులోని వెస్టర్న్ అవెన్యూ పక్కన సైకిళ్లకై వేరుగా నిర్మించిన బాటను 1934 డిసెంబరులో ఆయన ప్రారంభించారు. తమను రోడ్డునుండి వెళ్లగొట్టడానికే ఈ ఏర్పాటని సైకిలు సంఘాలవారు దానినీ విమర్శించారు. 1936లో చేసిన చట్టం ద్వారా సుమారు 4,500 మైళ్ల ప్రధాన రహదారుల నిర్వహణ బాధ్యత స్థానిక సంస్థలనుండి రవాణా శాఖకు సంక్రమించింది. ఆ సంవత్సరమే ఆయనకు మంత్రివర్గంలో పూర్తిస్థాయి స్థానం లభించింది.

ఈ సంస్కరణల ఫలితం ఏమిటి? 1934లో 7,343గా ఉన్న మరణాలు 1935లో 6,502కు తగ్గాయి. అంటే ఒక్క ఏడాదిలో 841 ప్రాణాలు నిలిచాయి. తరువాతి సంవత్సరాలలో ఆ సంఖ్య నెమ్మదిగా పెరిగి 1938 నాటికి 6,648కి చేరింది. కాని ఆ వ్యవధిలో వాహనాల సంఖ్య 30 లక్షల ప్రాంతానికి ఎగబాకింది. వాహనాలు పెరుగుతున్నా మరణాలు 1934 నాటి స్థాయికి చేరకుండా నిలువరించడం చిన్న విషయం కాదు. ఈ తగ్గుదలలో వేగపరిమితి వాటా ఎంత, పరీక్ష వాటా ఎంత, దీపస్తంభాల వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. అవన్నీ ఇంచుమించు ఒకే కాలంలో కలిసి పనిచేశాయి. బహుశా అందులోనే వాటి బలం ఉంది.

వేగానికీ పొరపాటుకూ ఉన్న సంబంధాన్ని సామాన్య గణితం స్పష్టం చేస్తుంది. అడ్డుగా ఒక పిల్లవాడు వచ్చాడనుకొందాం. అతడిని చూసి, అపాయమని గ్రహించి, చోదకుని పాదం బ్రేకుపైకి చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపల కూడా వాహనం ముందుకు సాగుతూనే ఉంటుంది. బ్రేకు వేసిన తరువాత ఆగడానికి మరికొంత దూరం కావాలి. నేటి బ్రిటిష్ హైవే కోడ్ లెక్క ప్రకారం గంటకు 20 మైళ్ల వేగంతో పోయే కారు ఆగడానికి మొత్తం 12 మీటర్లు పడుతుంది. 30 మైళ్ల వేగంలో 23 మీటర్లు, 40 మైళ్ల వేగంలో 36 మీటర్లు, 60 మైళ్ల వేగంలో 73 మీటర్లు పడుతుంది. వేగం రెండింతలైతే ఆగే దూరం రెండింతలతో సరిపోదు. ఎందుకంటే వాహనానికి ఉండే గతిజశక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది. ఢీకొన్నప్పుడు ఆ శక్తియే మానవ శరీరంపై విరుచుకుపడుతుంది.

ఈ లెక్కను బట్టి చూస్తే ఆనాటి వివాదంలోని ఇరుపక్షాలవారూ ఒక్కొక్క అర్ధసత్యాన్ని పట్టుకొన్నారని తెలుస్తుంది. పొరపాటు చేయని మనిషి లేడు. ఎంత నిపుణుడైనా ఏదో ఒక క్షణంలో ఏమరుపాటు చెందుతాడు. నిదానంగా పోతున్నప్పుడు ఆ ఏమరుపాటు ఒక చిన్న ఉలికిపాటుతో ముగుస్తుంది. వేగంగా పోతున్నప్పుడు అదే ఏమరుపాటు ఒక కుటుంబాన్ని దుఃఖసాగరంలో ముంచుతుంది. తప్పు మనిషిది, ఆ తప్పుకు పడే శిక్ష ఎంతో నిర్ణయించేది వేగం. పైగా ఆ శిక్ష అనుభవించేది తరచుగా తప్పు చేసినవాడు కాడు, దారిన పోయే నిరపరాధి. అందువల్ల మనిషికి శిక్షణా కావాలి, వేగానికి హద్దూ కావాలి. ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు.

1937 మే నెలలో బెలీషా యుద్ధ శాఖ మంత్రి అయ్యారు. అక్కడ కూడా సంస్కరణలకే పూనుకొన్నారు. సైనికుల జీతాలు పెంచారు. వారి భోజన వసతులనూ, నివాసాలనూ మెరుగుపరచారు. ప్రతిభ గలవారికి పదోన్నతి మార్గాలు తెరిచారు. వయసు మీరిన సేనానులను తప్పించారు. సామాన్య సైనికులు హర్షించారు కాని, ఉన్నతాధికారులు మండిపడ్డారు. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైన తరువాత, 1939 నవంబరులో ఫ్రాన్సులోని సేనలను దర్శించి, అక్కడి రక్షణ నిర్మాణాలు మందకొడిగా సాగుతున్నాయని ఆయన విమర్శించారు. సేనాధిపతి గోర్ట్ ప్రభువు, ఆయన సహచరులు దీనిని అవమానంగా భావించారు. ఆయన యూదుడన్న దురభిమానం కూడా ఈ వైరానికి తోడైంది. 1940 జనవరిలో ప్రధాని నెవిల్ చాంబర్లేన్ ఆయనను యుద్ధ శాఖనుండి తప్పించారు. వేరొక శాఖ ఇవ్వజూపినా బెలీషా స్వీకరించలేదు. ఆయన స్థానంలో వచ్చినది ఆలివర్ స్టాన్లీ. ఒకనాడు ఎవరి స్థానంలో ఆయన రవాణా మంత్రి అయ్యారో, వారే ఈనాడు ఆయన స్థానంలో యుద్ధ మంత్రి కావడం విధి వైచిత్రి.

ఆ రోజులలోనే రహదారులపై మరొక విషాదం జరుగుతూ ఉండేది. శత్రు విమానాలకు ఊళ్లు కనిపించకుండా 1939 సెప్టెంబరునుండి బ్రిటన్ అంతటా రాత్రివేళ దీపాలు ఆర్పివేశారు. వాహనాల దీపాలకు ముసుగులు వేశారు. వీధులు చీకటిమయమయ్యాయి. 1939లో రోడ్డు మరణాలు 8,272కు చేరాయి. 1940లో 8,609, 1941లో 9,169. పెట్రోలు కొరతతో వాహనాలు తగ్గినప్పటికీ, ఆ దేశ చరిత్రలోనే అత్యధికమైన రోడ్డు మరణాలు సంభవించిన సంవత్సరం 1941. మనుషులు ఒక్క రాత్రిలో నైపుణ్యం కోల్పోలేదు. రోడ్లు మారలేదు. చూపు ఆనే దూరం తగ్గింది. వేగం దానికి తగినట్లు తగ్గలేదు. కాలిబాటల అంచులకు తెల్లరంగు పూయవలసి వచ్చింది. 1940 ఫిబ్రవరిలో జనావాస ప్రాంతాలలో రాత్రివేళ 20 మైళ్ల పరిమితి విధించవలసి వచ్చింది. పగటికి తగిన వేగం రాత్రికి తగదన్న పాఠాన్ని ఆ దేశం వేలాది ప్రాణాల మూల్యంతో నేర్చుకొంది.

పదవి కోల్పోయిన తరువాత బెలీషా రాజకీయ జీవితం మునుపటి వెలుగును పొందలేదు. 1944లో సింథియా ఎలియట్‌ను వివాహమాడారు. వారికి సంతానం కలగలేదు. 1945లో కొద్దికాలం జాతీయ బీమా మంత్రిగా పనిచేశారు. ఆ సంవత్సరం జరిగిన ఎన్నికలలో, 22 ఏళ్లుగా తనను గెలిపిస్తూ వచ్చిన డెవన్‌పోర్టులోనే మైకేల్ ఫుట్ చేతిలో ఓడిపోయారు. 1954లో ప్రభు బిరుదం పొంది ఎగువ సభలో ప్రవేశించారు. 1957 ఫిబ్రవరి 16న పార్లమెంటు ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహించి ఫ్రాన్సులోని రైమ్స్ నగరానికి వెళ్లి, అక్కడి పురమందిరంలో ప్రసంగిస్తూ కుప్పకూలి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 63 సంవత్సరాలు. వక్తగా వెలుగులోకి వచ్చిన ఆయన, వక్తగానే తుదిశ్వాస విడిచారు.

హోర్-బెలీషా లోపాలు లేని మహనీయుడు కాడు. ఆడంబరం, ప్రచారకాంక్ష ఆయనలో ఉన్నాయి. 1934 నాటి చట్టానికి రూపకల్పన చేసినది కూడా ఆయన ఒక్కరే కాదు. కాని కాగితంపై ఉన్న శాసనాన్ని వీధులలోకి తెచ్చి, హేళనలను సహించి, ప్రజల అలవాటుగా మార్చిన ఘనత ఆయనదే. కార్లలో తిరిగే సంపన్నుల స్వేచ్ఛకూ, కాలినడకన పోయే సామాన్యుని ప్రాణానికీ పోటీ వచ్చినప్పుడు ఆయన రెండవదాని పక్షాన నిలిచారు. అందులోనే ఆయన మంత్రిత్వానికి సార్థకత లభించింది.

ఆయన వేసిన బాటలో బ్రిటన్ మరెంతో దూరం పయనించింది. 1951లో బెలీషా దీపస్తంభాల నడుమ నేలపై తెల్లని పట్టీలు గీసి జీబ్రా క్రాసింగులను చట్టబద్ధం చేసింది. 1967లో మద్యం సేవించి నడిపేవారిని గుర్తించే శ్వాస పరీక్షనూ, 1983లో ముందు సీట్లలో కూర్చొన్నవారికి సీటు బెల్టునూ తప్పనిసరి చేసింది. 1934లో 24 లక్షల వాహనాలతో 7,343 మందిని బలిగొన్న రహదారులపై, 4 కోట్లకు పైగా వాహనాలు తిరుగుతున్న 2023లో మరణించినవారు 1,624 మంది. మనిషి కోడివలె, కుక్కవలె తప్పుకోవడం నేర్చుకొన్నందువల్ల మాత్రమే ఈ మార్పు రాలేదు. మనిషి పొరపాటు చేస్తాడని ముందే గ్రహించి, ఆ పొరపాటు ప్రాణాంతకం కాకుండా చట్టాలనూ, రోడ్లనూ, వాహనాలనూ తీర్చిదిద్దుకొన్నందువల్ల వచ్చింది.

మన దేశంలో పరిస్థితి ఆందోళనకరంగా ఉంది. 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 70 మందికి పైగా అతివేగం కారణంగానే మరణించినట్లు కేంద్ర ప్రభుత్వ నివేదిక పేర్కొన్నది. అతివేగం యంత్రం తనంత తాను చేసే పని కాదు. మనిషి చేతులారా ఎంచుకొనే పొరపాటు అది. వేగమా, పొరపాటా అన్న ప్రశ్న ఇక్కడ ఒక్కటైపోతుంది.

కొత్తగా వాహనం నేర్చుకొనే యువకుని బండిపై ఎర్రని ‘ఎల్’ అక్షరం, లైసెన్సుకు ముందు పెట్టే పరీక్ష, కళాశాల ముందు రోడ్డుపై నల్లని తారు మీద మెరిసే తెల్లని పట్టీలు మనకు నిత్యపరిచితాలు. వీటి వెనుక ఒకనాటి బ్రిటన్ రోడ్లపై రాలిపోయిన వేలాది పాదచారుల కథ ఉంది. వారి పక్షాన నిలిచిన ఒక మంత్రి పట్టుదల ఉంది. ఆ తెల్లని పట్టీలను సమీపించినప్పుడు క్షణకాలం వేగం తగ్గించి, ఎదుటివానికి దారి ఇచ్చే చోదకుడే అసలైన సారథి.